పదకొండు శుక్రవారాల రొట్టె

మాస్టారు పోయారు. నాకు తెలిసేసరికి పంతొమ్మిది రోజులైంది. ఆ పంతొమ్మిది రోజులూ ఆయన ఉన్నారనే అనుకుంటూ లాండ్రీ వ్యాను నడిపాను, ఇస్త్రీ చొక్కాలు హ్యాంగర్లకు తగిలించాను, ఈ వారమైనా ఆయనకు ఉత్తరం రాయాలి అనుకుని మళ్ళీ మానేశాను.

కబురు వచ్చింది నాకు కాదు, మామీర్ లేబర్ క్యాంపులో ఉండే మల్లన్నకు. అతనిది నిజామాబాద్ వైపు పల్లె. మాస్టారు అక్కడి యార్డులో స్టోరుకీపరుగా చేసినన్నాళ్ళూ మల్లన్న అదే యార్డులో సామాన్లు మోశాడు. చదువు రాదు. మాస్టారి కూతురు అతని పేరున రాసిన ఉత్తరం పట్టుకుని, మిట్టమధ్యాహ్నం నా వ్యానుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"సారు బిడ్డ రాసిందట. జర సదివి చెప్పు తమ్మీ."

వ్యాను నీడన నిలబడి పైకి చదివాను. రెండో వాక్యంలోనే ఉంది. మల్లన్న తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని రోడ్డు అంచునే కూలబడ్డాడు. కాసేపటికి, "ఇంకేం రాసింది?" అన్నాడు. మిగతాదంతా చదివాను, ఒక్క వాక్యం తప్ప. చదువు రానివాడి ముందు ఒక వాక్యం మింగెయ్యడం ఎంత తేలికో! ఆ వాక్యం ఏమిటో చివర్లో చెబుతాను. ముందే చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

మన సహవాసం పత్రికకు మాస్టారి గురించి రెండు పేజీలు రాయమని పెద్దలు నన్నే అడిగారు. హాజరు పుస్తకం అప్పటికి నా చేతిలో ఉంది కాబట్టి నేనే తగినవాణ్ణనుకున్నారు. మీలో చాలామందికి మాస్టారంటే ఒక మచ్చ కూడా గుర్తొస్తుంది. ఆ మచ్చ ఆయనది కాదు. అది చెప్పడానికే ఈ రెండు పేజీలు.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను బహ్రెయిన్ వచ్చాను. అప్పటికి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక కోల్డ్‌స్టోర్ పైన, అంటే కిరాణా కొట్టు పైన, ఒక్క గదిలో మనవాళ్ళు శుక్రవారం శుక్రవారం ప్రార్థనకు కూడుకునేవారు. ఇళ్ళల్లో పనిచేసే మన గోదావరి ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో, క్యాంపుల నుంచి మగవాళ్ళు ఇరవై మంది దాకా. ఏసీ ఒకటుండేది గానీ చల్లదనం కంటే చప్పుడెక్కువ. పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా వారాలు వాక్యం చెప్పడం, పాట ఎత్తడం, టీలో యాలకులు తగ్గాయని గొణగడం అన్నీ మాస్టారే.

ఆయన మిషన్ బడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక ఇక్కడ స్టోరుకీపరుగా వచ్చారు. మేకులు, బోల్టులు లెక్కపెట్టే పనిలో ఉన్నా చంకలో ఎప్పుడూ హాజరు పుస్తకం ఉండేది. మొదటి శుక్రవారం ఆయన పేర్లు పిలుస్తుంటే నాకు నవ్వొచ్చింది. గడ్డాలు నెరిసినవాళ్ళు "ఉన్నానండీ" అంటున్నారు! అందులో ఒక పేరుకు గదంతా ఒక్క గొంతుతో "ఉంది" అంది. చుట్టూ చూశాను. ఆ పేరుగలావిడ ఎక్కడా లేదు.

"ఏంటండీ ఇది, దొంగ హాజరా?" అన్నాను. నాకు నోరెక్కువని అందరికీ ఆ రోజే తెలిసింది.

మాస్టారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చూశారు. "కాదబ్బాయ్. ఆవిడ యజమానురాలు శుక్రవారం సెలవివ్వదు. రాలేకపోయిందే గానీ లేకుండా పోలేదుగా. అందుకని మనం పలుకుతాం. పలికినందుకు ఆవిడ వాటా మనం మొయ్యాలి మరి."

వాటా అంటే రొట్టె. కింద ఇరానీ బేకరీలో కొన్న ఖుబూసులు పళ్ళెంలో పెట్టి, ప్రార్థన చేసి, తుంచి పంచేవారు. అయ్యగారు లేని వారాల్లో అది బాప్తిస్మం పొందినవాళ్ళకే ఇచ్చే ప్రభువు బల్ల కాదు, అందరూ కలిసి తినే ప్రేమవిందు. అందుకే మల్లన్న కూడా మొహమాటం లేకుండా తినేవాడు. "నేను దేవునికి మొక్కేటోన్ని, మీ దేవునికి అనుకో, మా దేవునికి అనుకో. గని నా పేరు గూడ సదువు సారూ, నన్నెందుకు ఇడిసిపెడ్తవ్?" అని పోట్లాడి పుస్తకంలోకి ఎక్కాడు. పంచడం అయ్యాక, రాలేనివాళ్ళ ముక్కలు ఒక అల్యూమినియం డబ్బాలో పెట్టి మూత బిగించేవారు మాస్టారు.

తొలి తరాల క్రైస్తవుల గురించి ఆయన చెప్పే తీరు విని తీరాలి. పక్కవీధిలో ఉండి నిన్ననే ఇల్లు మారిన వాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. "వాళ్ళకి గుళ్ళు లేవబ్బాయ్, గోపురాలు లేవు. ఇలాంటి గదులే. ఇంటావిడా, ఆవిడ కాళ్ళు కడిగే దాసీ ఒకే రొట్టె తినేవారు. ఊరంతా వాళ్ళను చూసి నవ్వింది అందుకే. రోగంతో పడి ఉన్నవాడికీ, చెరసాల్లో ఉన్నవాడికీ అదే రొట్టె ముక్క మోసుకెళ్ళేవారు. ఒక్కడే పరలోకానికి టిక్కెట్టు కొనుక్కుని పోవచ్చని వాళ్ళకి తోచనే లేదు."

నేను ఊరుకుంటానా? "అందరి కోసం ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా మాస్టారూ, సంఘమంటే అదేగా?" అన్నాను.

"ఎవరా ఒకరు? పేరు చెప్పు."

అది ఆయన ఊతపదం. ఎవరైనా 'కొందరు' అన్నా, 'ఎవరో' అన్నా వదిలేవారు కాదు. పేరు చెప్పు! "పేరు లేకుండా సర్దుకోమంటే అది సంఘం కాదు, సంత. పిలవడానికి ఒక్కొక్కడికీ పేరుండాలి. పలకలేనప్పుడు పలకడానికి పక్కవాడుండాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా చెడ్డాం" అనేవారు. అప్పుడు బాగానే తలూపాను.

గదంతా కలిసి "ఉంది" అన్న ఆ పేరు దీనమ్మ. నరసాపురం దగ్గరావిడ, ఈసా టౌన్‌లో ఒక విల్లాలో పని. ఆ ఇల్లు నా లాండ్రీ వ్యాను వెళ్ళే దారిలోదే. ఒక రోజు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "బట్టలు తెచ్చేవాడికి వంటింటి తలుపు తెరుచుకుంటుందబ్బాయ్. మాకు తెరుచుకోదు" అంటూ డబ్బాలోంచి ఒక ముక్క తీసి కాగితంలో చుట్టి ఇచ్చారు. ఎవరు ఏ ఇంటికి మోస్తారో ఆయనకూ మోసేవాడికీ తప్ప మూడోవాడికి తెలియకూడదు. మాట బయటికి పొక్కితే ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషికే కష్టం. దీనమ్మక్క చెప్పిన కబురు నేను మాస్టారి చెవిన వేస్తే, ఆయన పై శుక్రవారం అందరికీ వినిపించేవారు.

కొన్ని నెలలు బుద్ధిగానే మోశాను. అక్క వంటింటి గుమ్మంలో తడిచేతులు కొంగుకు తుడుచుకుని రెండు చేతులా అందుకునేది. అక్కడే నిలబడి తినేసి, "ఇవాళ ఏ పాట పాడారు తమ్ముడూ?" అని అడిగేది. నేను పాట మొదటి ముక్క చెబితే చాలు, లోపలికి వెళుతూ మిగతాది కూనిరాగం తీసుకునేది.

తరవాత ఆ ఇంట్లో వాషింగ్ మిషన్ కొన్నారు. బట్టలు ఆగిపోయాయి. ఆ శుక్రవారం బట్టలు లేకుండా, ఒక్క రొట్టె ముక్కతో వెళ్ళి తలుపు తడితే ఇంటావిడే తెరిచింది. "కపడా మాఫీ. ఖలాస్. యల్లా!" అని చెయ్యి విసిరింది. బట్టలు లేవు, ఇక పొమ్మని. ఆవిడ వెనక అక్క కనబడింది. నేను తిరిగొచ్చేశాను.

రొట్టె పారెయ్యకూడదు. వెనక్కి తీసుకెళ్ళి అందలేదని చెప్పాలంటే సిగ్గు, ఒక్క కసురుకే పారిపోయొచ్చానని. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. కాగితం విప్పి నోట్లో వేసుకుని, లైటు మారేలోపు గబగబా మింగేశాను. పై శుక్రవారం మాస్టారు "అందిందా?" అంటే "అందిందండీ" అన్నాను. అంతే. రెండోసారి ఆ ఇంటి వైపు వ్యాను తిప్పనే లేదు. అది భయమని చెప్పుకున్నాను గానీ, నిజానికి బద్ధకం కూడా. శుక్రవారం మధ్యాహ్నం నిద్ర నాకు ముద్దు.

రొట్టె మింగడంతో ఆగలేదు. "ఏం చెప్పింది?" అని మాస్టారు అడిగేవారు కదా. "అందరికీ వందనాలు చెప్పమందండీ" అన్నాను. ఇంకో వారం, ఆవిడ కూతురికి జ్వరమన్నాను. పాపం, గదంతా మోకాళ్ళ మీద నిలబడి లేని జ్వరం తగ్గాలని ప్రార్థన చేసింది. నేనూ చేశాను, గట్టిగా! ఆపై వారం తగ్గిందని చెబితే స్తోత్రం చేశారు. నా అబద్ధాలన్నీ ఆయన నోట చెప్పించాను. పదకొండు శుక్రవారాలు.

పదకొండో వారం మరీ రెచ్చిపోయాను. అక్క కూతురు పదో తరగతి పాసైందని చెప్పాను. మాస్టారు బడిపంతులని మర్చిపోయాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక మంచి పెన్ను కొని, ఆ పిల్లకు పంపించమని చెప్పడానికి, నాకు చెప్పకుండా, రెండు బస్సులు మారి తనే ఈసా టౌన్ వెళ్ళారు. చెత్త పారెయ్యడానికి అక్క బయటికొచ్చే దాకా గోడ పక్కన నిలబడ్డారు.

మరునాడు లాండ్రీకి వచ్చి, కౌంటరుకు అవతల నిలబడి, ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పారు నాకు. అప్పటి నుంచి ఆ మాటలు నన్ను వదల్లేదు.

"పదో తరగతేంటండీ మాస్టారూ, అది ఎనిమిదే కదా. మూడు నెలలైంది రొట్టొచ్చి. నన్ను సంఘంలోంచి తీసేశారనుకున్నాను. ఏం తప్పు చేశానో తెలీలేదండీ. రోజూ అంట్లు తోముతా, చెయ్యని తప్పులు కూడా ఒప్పేసుకున్నాను, ఏదో ఒకటి తగిలి మళ్ళీ పంపిస్తారేమోనని."

నా ముఖంలోకే చూస్తున్నారు. ఇంతలో ఒక బేరం వచ్చి గంజి ఎక్కువైందని గొడవ పెట్టుకున్నాడు. వాడు ఒక్క క్షణంలో వెళ్ళిపోతాడేమోనని భయపడి వాడితో కావాలని వాదన పెంచాను. మాస్టారు చాలాసేపు చూసి, "శుక్రవారం చెబుదువుగానిలే అబ్బాయ్" అని వెళ్ళిపోయారు.

శుక్రవారం వచ్చింది. హాజరు పిలిచారు. దీనమ్మ పేరుకు గదంతా "ఉంది" అంది. ఆయన పుస్తకం మూసి, తల వంచుకుని కూర్చున్నారు. నా కోసం ఆగారు. నేను ఏసీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి ఆయనే లేచారు.

"దీనమ్మకు పదకొండు వారాలుగా రొట్టె అందలేదు. ఇక్కడ చెప్పిన కబుర్లు ఆవిడ పంపినవి కావు. తప్పు నాది."

గది గోలగోలైపోయింది. "మరి జ్వరమని మాచేత ప్రార్థన చేయించారే!" అన్నారొకరు. "దేవుడి దగ్గర నాటకాలా?" అన్నారింకొకరు. మూలనుంచి ఒక పెద్దాయన, "మోసింది ఎవరు మాస్టారూ? ఎప్పుడూ మమ్మల్ని అడుగుతారుగా, ఇప్పుడు మీరు పేరు చెప్పండి" అన్నాడు.

ఆయన చెప్పలేదు. అన్నేళ్ళలో ఆయన పేరు చెప్పకుండా ఉన్నది అప్పుడొక్కసారే. నేను గోడకు ఆనుకుని, అందరితో పాటు ఆశ్చర్యపోతున్నట్టు ముఖం పెట్టి కూర్చున్నాను. ఛీ! ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యే నాకు అసహ్యంగా ఉంది.

టీ గిన్నె దగ్గర మల్లన్న ఒక్కడే, "సారు గసొంటోడు గాదు. ఎవలో చేసిన్రు, సారు మీదేసుకున్నడు" అన్నాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టారి దగ్గర్నుంచి పుస్తకం తీసుకున్నారు. ఎవరికివ్వాలని మాట వస్తే, వ్యానుంది, నోరుంది, అన్ని ఇళ్ళూ తెలుసునని నాకే ఇచ్చారు. తీసుకున్నాను!

ఆ వారం నుంచి మాస్టారు ముందు వరస వదిలేసి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చునేవారు. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. దాని అర్థం గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ పాఠం ఆయనే చెప్పారు. తొలి క్రైస్తవుల రోజుల్లో పెద్ద తప్పు చేసినవాడు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళే ఒక్కొక్కరినీ నా కోసం అడగండని వేడుకునేవాడట. లోపలివాళ్ళు వాణ్ణి దాటుకుని పోయేవారు కాదట. "వాడితో పాటు కూర్చుని ఏడ్చేవారబ్బాయ్. ఒక వేలు తెగితే ఒళ్ళంతా జ్వరం రాదూ?" అన్నారు. నేను ప్రతి వారం ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళాను. ఆయన పేరు నేనే పిలిచేవాణ్ణి. చెప్పుల మధ్య నుంచి "ఉన్నానండీ" అని వినిపించేది, నన్ను 'అండీ' అని.

దీనమ్మక్క రొట్టె ఆ తరవాత ఆయనే మోశారు. ఆవిడ వీసా ముగిసి, ఎగ్జిట్ మీద ఊరెళ్ళిపోయేదాకా ఒక్క వారం తప్పలేదు. ఒక ఆగస్టు మధ్యాహ్నం ఈసా టౌన్ బస్టాపులో ఆయన్ని చూశాను. బల్ల మీద కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, దాని మీద ఎండ పడకుండా రెండు చేతులూ కప్పి ఉన్నారు. నెత్తిన ఏమీ లేదు. నా వ్యానులో ఏసీ ఉంది, పక్క సీటు ఖాళీ. ఆయన తలెత్తారు. నేను అద్దంలోకి చూసుకుంటున్నట్టు నటించి గేరు మార్చాను.

కంపెనీ ఆయన్ని ఇంటికి పంపించేసిన రోజు ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. పెద్దలు పురమాయించారు కాబట్టి తప్పలేదు. దారంతా గోదావరి రేవుల గురించి, ఆయన మనవడి తిక్క గురించి మాట్లాడారు. సామాను దించాక అడిగేశాను. "నా పేరెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"నేను చెబితే నువ్వు దొరికిపోయినవాడివవుతావు. నువ్వు చెబితే తిరిగొచ్చినవాడివవుతావు. రెండూ ఒకటేనా అబ్బాయ్?"

ఆయన నా భుజం తట్టారు. "గుమ్మం దగ్గర చోటు నాది కాదులే. మనూళ్ళో బస్సులో సీటుకి రుమాలు వేస్తాం చూడు, అలా ఆపి ఉంచాను. ఎవరైనా కూర్చునేలోపు నువ్వొచ్చి కూర్చో." సంచీలోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఏడాది గడిచింది. నేను కూర్చోలేదు. హాజరు పిలుస్తూనే ఉన్నాను.

ఇక ఉత్తరంలో నేను మింగేసిన వాక్యం. ఆయన కూతురు ఇలా రాసింది: 'నాన్నగారు ఇక్కడికొచ్చాక ప్రతి శుక్రవారం అన్నం ముందు ఒక రొట్టె ముక్క పక్కన పెట్టి, ఒక పేరు పిలిచి, ఉన్నాడు అని తనే పలికేవారు. ఆ పేరుగలాయన అక్కడుంటే, ఆఖరి శుక్రవారం కూడా పిలిచారని చెప్పండి.'

ఆ పేరు నాది.

నాలుగు రోజులు ఆ వాక్యాన్ని మోసుకు తిరిగాను. అయిదో రోజు మామీర్ వెళ్ళి, మల్లన్నను కూర్చోబెట్టి, ఉత్తరం మొదటి నుంచీ చదివాను. అక్కడ ఆగలేదు. జరిగిందంతా చెప్పాను. అతను నా వైపు చూడలేదు. "గిన్నొద్దులు సారును చెప్పులకాడ కూసోవెట్టినవ్" అని మాత్రం అని లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మొన్న శుక్రవారం గదిలో అందరి ముందూ నిలబడి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. వచ్చినవాళ్ళు విన్నారు. క్యాంపులు మారినవాళ్ళు, ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు, ఆ రోజు మాస్టారిని అబద్ధాలకోరని అనుకుని ఇప్పటికీ అలాగే అనుకుంటున్నవాళ్ళు ఇది చదువుతారని రాస్తున్నాను. దీనమ్మక్క ఊరి అడ్రసు కూడా సంపాదించాను. రెండుసార్లు కాగితం తీశాను. 'అక్కా' అని రాసి, ఆ తరవాత ముందుకు పోలేకపోయాను. ఆవిడ ఒప్పుకున్న తప్పులన్నీ ఏవో నాకు తెలియదు. అవన్నీ వెనక్కి తీసుకోమని ఎలా రాయాలో కూడా తెలియదు. కానీ రాస్తాను.

ఆ శుక్రవారం అంతా చెప్పాక, పుస్తకం పెద్దల చేతిలో పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. చెప్పుల పక్కన నేల మీద పరిచిన లినోలియం ఒకచోట అరిగి తెల్లబడింది. అక్కడే కూర్చున్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. పుస్తకం అందుకున్న కొత్తాయన హాజరు మొదలుపెట్టాడు. మాస్టారి పేరు పిలిస్తే గదంతా "ఉన్నారు" అంది. చివరన నా పేరు వచ్చింది. పలకలేకపోయాను. రెండోసారి పిలిచాడు.

టీ గిన్నె దగ్గర నుంచి, ఇటు తిరక్కుండానే, మల్లన్న అన్నాడు. "ఉన్నడు. గుమ్మం కాడ."

పళ్ళెం చేతులు మారుతూ చెప్పుల దాకా వచ్చింది. అందులో ఒక్క ముక్క మిగిలింది. సిగ్నల్ దగ్గర లైటు మారేలోపు మింగిన రొట్టె అదే, ఆ బేకరీదే. ఈసారి నమలడానికి చాలాసేపు పట్టింది.